పెన్నేరు వేర్లను ఫ్లాస్కులో పెంచి విథనోలైడ్ల దిగుబడి పెంచే విధానం

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల మెట్ట రైతుకు పెన్నేరును పరిచయం చేయనవసరం లేదు. పుస్తకాల్లో అశ్వగంధ అని రాసే ఈ మొక్కను వానల చివర్లో విత్తి, అయిదారు నెలలకు పీకి, వేర్లను లావు, సన్నం అని ఏరి, ఎండబెట్టి అమ్ముతారు. ఎకరాకు రెండు క్వింటాళ్ల ఎండు వేరు వస్తే మంచి పంట కిందే లెక్క. అయితే ఈ వేరుకు మందు గుణాన్నిచ్చే విథనోలైడ్లు వేరు బరువులో చాలా స్వల్పం. పైగా నేల, వాన, రకం, పీకిన సమయం వంటి వాటిని బట్టి ఆ కొంచెం కూడా ఒక చేనికీ పక్క చేనికీ తేడాగా ఉంటుంది. కడప ప్రయోగశాలలో మేము కొన్నేళ్లుగా ఈ వేర్లను మట్టి లేకుండా, చెట్టు లేకుండా ఫ్లాస్కుల్లో పెంచుతున్నాము. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకూ, చిన్న ప్రయోగశాల పెట్టుకోవాలనుకునేవారికీ పనికొచ్చేలా ఆ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటే ఒక మాట చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారిలో ఎక్కువమంది గ్రాము వేరులో మందు ఎన్ని రెట్లు పెరిగిందో చూసి సంతోషిస్తారు. చూడవలసిన లెక్క అది కాదు. లీటరు ద్రావణం నుంచి, పెంచిన మొత్తం రోజులకు కలిపి, ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం చేతికి వచ్చిందన్నదే అసలైన లెక్క. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఈ లెక్కను దృష్టిలో ఉంచుకోవాలి, ఎందుకంటే మందును పెంచే చర్యల్లో చాలావరకు వేరు ఎదుగుదలను తగ్గించేవే.

మొక్కను ఎంచుకోవడం

వేర్ల వర్ధనం వేరులో తయారయ్యే పదార్థాలకు మాత్రమే పనికొస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపించినా, దీన్ని మరచి ఏడాది కాలం పోగొట్టుకున్నవారు ఉన్నారు. శేషాచలం కొండల ఎర్రచందనం విలువంతా మాను లోపలి చేవలో ఉంటుంది కనుక దాని వేర్లను పెంచి లాభం లేదు. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ ప్రధానంగా ఆకుల్లో ఉంటుంది. పెన్నేరులోనూ విథాఫెరిన్‌-ఎ ఎక్కువగా ఆకుల్లోనే చేరుతుంది, వేరుకు ప్రత్యేకమైనది విథనోలైడ్‌-ఎ. కాబట్టి పెన్నేరు వేర్లను పెంచేవారు విథనోలైడ్‌-ఎను లక్ష్యంగా పెట్టుకోవడం సముచితం. మన ప్రాంతంలో ఈ పద్ధతికి తగిన మొక్కలు మరికొన్ని ఉన్నాయి. నన్నారి షర్బత్తుకు వాడే మారెడు గడ్డల్లో వెనిలిన్‌ను పోలిన సువాసన పదార్థం ఉంది, చిత్రమూలం వేరులో ప్లంబాజిన్, సర్పగంధి వేరులో రిసర్పిన్ ఉన్నాయి. మారెడు గడ్డల తీగను అడవిలో వేళ్లతో సహా తవ్వి తీసుకుపోవడం వల్ల అది నానాటికీ అరుదైపోతోంది. ఈ పద్ధతి నిజంగా ఎవరికైనా అవసరమంటే, నా దృష్టిలో అది ఆ తీగకే ఎక్కువ అవసరం. నల్లమల, లంకమల, శేషాచలం అడవుల నుంచి విత్తనమైనా, కొమ్మైనా తెచ్చుకోవాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి అన్న సంగతి మరవకూడదు.

పెన్నేరుతో మొదలుపెట్టమని చెప్పడానికి కారణం, విత్తనం సులభంగా దొరుకుతుంది, పొలంలో పండిన వేరుతో పోల్చుకునే వీలుంటుంది, అగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవికి ఈ మొక్క చక్కగా లొంగుతుంది. ఇది వంగ, టమాటా, పొగాకు కుటుంబానికి చెందిన మొక్క.

రెండు దారులు

వేర్లను మాత్రమే పెంచడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది అబ్బురపు వేర్ల వర్ధనం. ఆకు ముక్కను ఆక్సిన్ హార్మోను ఉన్న యానకంపై (పోషకాలు కలిపిన మాధ్యమంపై) చీకటిలో ఉంచితే రెండు, మూడు వారాల్లో కోసిన అంచుల నుంచి వేర్లు వస్తాయి. పెన్నేరుకు సగం బలం ఎమ్మెస్ యానకంలో (మురాషిగే, స్కూగ్ పేర్ల తొలి అక్షరాలతో పిలిచే యానకాన్ని లవణాలు సగం వేసి కలిపినది) లీటరుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము ఐబీఏ అనే ఆక్సిన్ కలిపి మొదలుపెట్టవచ్చు. ఈ వేర్లు బతికున్నంత కాలం హార్మోను ఇస్తూనే ఉండాలి.

రెండోది వెంట్రుక వేర్ల వర్ధనం. 1930లో అమెరికాలో నర్సరీ ఆపిల్ మొక్కలకు వచ్చిన ఒక తెగులుపై పరిశోధన చేసినప్పుడు, నేలలో ఉండే అగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే బాక్టీరియా గాయం దగ్గర గుబురుగా సన్నని వేర్లు పుట్టిస్తుందని తేలింది. ఆ బాక్టీరియా తనలోని ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్ఏ వలయం) నుంచి ఒక డీఎన్ఏ ముక్కను మొక్క కణం జీనోములోకి చొప్పిస్తుందని 1982లో రుజువయింది. ఆ ముక్కలోని రోల్ జన్యువులు, ముఖ్యంగా రోల్‌-బి, కణాన్ని వేరుగా మారుస్తాయి. అలా పుట్టిన వేరు హార్మోను లేకుండానే పెరుగుతుంది, విపరీతంగా కొమ్మలు వేస్తుంది, నెలల తరబడి ఒకే స్వభావం నిలుపుకుంటుంది.

ఏ దారి మంచిదన్న ప్రశ్నకు నా సమాధానం, ఆ పదార్థాన్ని దేనికి వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. వెంట్రుక వేర్లలో బాక్టీరియా డీఎన్ఏ ఉంటుంది కనుక అవి జన్యుమార్పిడి జీవుల కిందికి వస్తాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలోని జీవభద్రతా కమిటీ అనుమతి లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు. పరిశోధనకూ, శుద్ధి చేసిన పదార్థం తీయడానికీ వెంట్రుక వేర్లు మేలు. వేరును పొడిచేసి నేరుగా మనుషులు తినే రూపంలో ఇవ్వాలనుకుంటే అబ్బురపు వేర్లే తగినవి. కొరియాలో జిన్సెంగ్ వేర్లను పది వేల లీటర్ల ట్యాంకుల్లో పెంచి అమ్ముతున్నది ఈ అబ్బురపు వేర్ల పద్ధతిలోనే. ఇకపై ప్రధానంగా వెంట్రుక వేర్ల గురించి చెబుతాను. యానకం, ఎలిసిటర్లు (మందు తయారీని ప్రేరేపించే పదార్థాలు), కొలతలు, పెద్ద పాత్రలు రెంటికీ దాదాపు ఒకటే.

నీరు, యానకం, విత్తనం

మన జిల్లాల్లో ఈ పనికి మొదటి అడ్డంకి నీరు. అనంతపురం బోరు నీటిలో ఫ్లోరైడూ ఉప్పులూ ఎక్కువన్నది అందరికీ తెలిసినదే. ఆ నీటిని నేరుగా స్వేదనం చేస్తే స్వేదన యంత్రపు కాయిల్ మీద సున్నం పెచ్చులు కట్టి త్వరగా పాడవుతుంది. ముందు ఆర్వో పట్టి, తర్వాత స్వేదనం చేసి, ఆ నీటినే యానకానికి వాడాలి. క్యాన్లలో అమ్మే మంచినీళ్లతో యానకం కలపకూడదు, ఎందుకంటే ఆ నీటిలో ఏమున్నదీ ప్రతి క్యానుకూ మారుతుంది. అప్పుడు ఫలితం మారితే కారణం తెలియదు.

యానకాల్లో ఎమ్మెస్, బీ5 రెండూ పెన్నేరు వేర్లకు సరిపోతాయి. ఎమ్మెస్ 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణజాలం కోసం రూపొందించినది, బీ5 1968లో గాంబోర్గ్ బృందం సోయా కణాల కోసం తయారు చేసినది. లవణాలు విడివిడిగా కొని కలుపుకోవడం కంటే తయారు పొడి కొనడం మంచిది. ఎమ్మెస్ లవణాల్లో ఒకటైన అమ్మోనియం నైట్రేటు కొనుగోలుపై 2012 నుంచి ప్రత్యేక నియమాలు ఉన్నాయి, చిన్న ప్రయోగశాలకు ఆ చిక్కు అనవసరం. లీటరుకు 30 గ్రాముల చక్కెర వేసి, ఎమ్మెస్ అయితే పీహెచ్ 5.8 దగ్గర, బీ5 అయితే 5.5 దగ్గర సరిచేసి, 121 డిగ్రీల వద్ద 15 పౌండ్ల పీడనంలో 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఆవిరి పీడనంలో సూక్ష్మజీవులను చంపాలి. గట్టి యానకానికి లీటరుకు 8 గ్రాముల అగర్ చాలు.

విత్తనాన్ని కుళాయి నీటిలో బాగా కడిగి, 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, తర్వాత సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే బల్ల) కింద శుభ్రమైన స్వేదన జలంతో నాలుగైదు సార్లు కడగాలి. పాత పద్ధతుల్లో మెర్క్యురిక్ క్లోరైడు వాడమని ఉంటుంది, అది బాగా పనిచేసే మాట నిజమే, కానీ పాదరసపు విషాన్ని సింకులో పారబోసే అలవాటు మన ప్రయోగశాలల నుంచి పోవాలి. పెన్నేరు గింజ కొంత మొండిది, జిబ్బరెల్లిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెడితే మొలక సమంగా వస్తుంది. నాలుగైదు వారాల మొక్కల లేత ఆకులు తర్వాతి పనికి అనువైనవి. ముదురు ఆకులతో ప్రయత్నించవద్దు.

బాక్టీరియాను అంటించడం

అగ్రోబాక్టీరియం రైజోజీన్స్‌లో ఏ4, 15834, ఆర్1000 వంటి స్ట్రెయిన్లను (రకాలను) గుర్తింపు పొందిన సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి తెచ్చుకోవాలి. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ అలాంటిది. వైఈబీ అనే బాక్టీరియా పోషక ద్రావణంలో 28 డిగ్రీల వద్ద రాత్రంతా షేకర్ మీద పెంచి, 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (ద్రావణం ఎంత మసకబారిందో తెలిపే కొలత) 0.6 నుంచి 0.8 వచ్చినప్పుడు సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన బాక్టీరియాను 100 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ కలిపిన ద్రవ ఎమ్మెస్‌లోకి మార్చాలి. గాయపడిన మొక్క విడుదల చేసే ఫినాల్ పదార్థాల్లో అసిటోసిరింగోన్ ఒకటి, అది తగిలితేనే బాక్టీరియాలోని విర్ జన్యువులు మేల్కొని డీఎన్ఏ ముక్కను కదిలిస్తాయి.

ఆకు నడి ఈనెను వెనుకవైపు నుంచి సన్నని సూదితో ఆరేడు చోట్ల గుచ్చి, ఆకును ఆ ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, శుభ్రమైన వడపోత కాగితం మీద తడి అద్ది, హార్మోను లేని గట్టి యానకంపై చీకటిలో రెండు రోజులు ఉంచాలి. రెండు రోజులు దాటనివ్వకూడదు. మూడో రోజు నాటికి బాక్టీరియా ఆకు చుట్టూ జిగురుగా పాకి, తర్వాత ఎంత కడిగినా వదలదు. తర్వాత ఆకును సెఫోటాక్సైమ్ అనే యాంటిబయాటిక్ కలిపిన నీటితో కడిగి, లీటరుకు 500 మిల్లీగ్రాముల సెఫోటాక్సైమ్ ఉన్న యానకానికి మార్చాలి. ఈ మందు ఒక గ్రాము ఇంజెక్షన్ సీసాల్లో దొరుకుతుంది. పది మిల్లీలీటర్ల శుభ్రమైన నీటిలో కరిగించి, 0.22 మైక్రాన్ ఫిల్టరుతో వడగట్టి, ఆటోక్లేవ్ చేసిన యానకం చేతికి ఓర్చుకునే వేడికి దిగాక లీటరుకు అయిదు మిల్లీలీటర్లు కలిపితే లెక్క సరిపోతుంది. వేడి యానకంలో కలిపితే మందు చెడిపోతుంది.

పదవ రోజు నుంచి పళ్లెం మూతను వెలుతురుకు ఎత్తి చూస్తూ ఉండాలి. గుచ్చిన చోట మొదట ఆవగింజలో సగం ఉండే తెల్లటి బుడిపె కనిపిస్తుంది. రెండు రోజుల్లో అది మొన తేలి, మంచు పట్టినట్టు సన్నని నూగుతో వేరుగా సాగుతుంది. మామూలు వేరు నేలను వెతుకుతూ యానకంలోకి దిగుతుంది, వెంట్రుక వేరు మాత్రం పళ్లెం మీద అడ్డంగా, కొన్నిసార్లు గాలిలోకి లేచి కూడా పెరుగుతుంది. ఆ వేరు మూడు, నాలుగు సెంటీమీటర్లు రాగానే కోసి, విడి పళ్లెంలో పెట్టి, దానికొక సంఖ్య ఇవ్వాలి. ఒక్కో గాయం నుంచి వచ్చిన ఒక్కో వేరు ఒక్కో లైను. రెండు వేర్లను ఒకే పళ్లెంలో కలిపితే తర్వాత ఏది ఏదో తెలియదు.

పది, పన్నెండు రోజులకొకసారి కొత్త యానకానికి మారుస్తూ సెఫోటాక్సైమును 500 నుంచి 250కి, అక్కడి నుంచి 100కి తగ్గించి చివరికి ఆపేయాలి. సెఫోటాక్సైమ్ లేని యానకంపై మూడు మార్పిళ్ల పాటు శుభ్రంగా ఉంటేనే బాక్టీరియా పోయిందని భావించవచ్చు. వేరు ముక్కను వైఈబీ అగర్ మీద రుద్ది రెండు రోజులు చూడడం ఇంకా మంచిది. పీసీఆర్ (ఒక డీఎన్ఏ ముక్క ఉందో లేదో తేల్చే పరీక్ష) చేసేటప్పుడు రోల్‌-బి జన్యువు కనిపించినంత మాత్రాన సరిపోదు, మిగిలిపోయిన బాక్టీరియాలోనూ ఆ జన్యువు ఉంటుంది. మొక్కలోకి బదిలీ కాని విర్ జన్యువుకు కూడా పరీక్ష చేసి, అది కనిపించకపోతేనే వేరు నిజంగా మార్పు చెందినదని చెప్పాలి. ఈ రెండో పరీక్ష చేయకుండా రాసిన థీసిస్‌ను పరీక్షకులు తిప్పి పంపితే తప్పు పట్టలేము.

లైన్లను ఏరడం

మందు దిగుబడిలో పెద్ద తేడా తెచ్చేది ఈ దశ. బయటి నుంచి వేసే ఏ రసాయనమూ మంచి లైను చేసే మేలుకు సాటి రాదని నా నమ్మకం, కానీ చాలామంది దీన్ని రెండు వారాల్లో ముగించేస్తారు. బాక్టీరియా డీఎన్ఏ ముక్క మొక్క జీనోములో ఎక్కడ చేరుతుంది, ఎన్ని ప్రతులుగా చేరుతుంది అన్నది ఒక్కో కణంలో ఒక్కో రకం. అందుకే ఒకే ఆకు, ఒకే రోజు, ఒకే బాక్టీరియా అయినా, పుట్టిన వేర్లలో ఎదుగుదలా మందు శాతమూ రెండూ వేర్వేరుగా ఉంటాయి. కనీసం పాతిక లైన్లతో మొదలుపెట్టండి. మొనలు తెల్లగా, పక్క వేర్లు దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఉంచి, మొన ఉబ్బి గడ్డలా మారేవాటినీ, త్వరగా గోధుమ రంగు తిరిగేవాటినీ తీసేయండి. అప్పటికి పది, పన్నెండు మిగులుతాయి. వాటిని ద్రవ యానకంలో నాలుగు వారాలు పెంచి, బరువూ విథనోలైడ్‌-ఎ శాతమూ రెండూ కొలిచి, వాటి గుణకారంలో పైన నిలిచిన మూడు లైన్లను తీసుకోవాలి. అన్నిటికంటే వేగంగా పెరిగే లైను అందరి కళ్లకూ నచ్చుతుంది. అది చాలాసార్లు మందులో పేలవంగా ఉంటుంది, ఎందుకంటే చక్కెరనంతా ఎదుగుదలకే ఖర్చు పెడుతుంది. మూడింటినీ రెండు మార్పిళ్ల తర్వాత మళ్లీ కొలిచి, మొదటి అంకెను నిలుపుకున్నదాన్ని అసలు లైనుగా పెట్టుకోవాలి.

ద్రవంలో ఎదుగుదల

250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల ద్రవ యానకం పోసి, అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా పచ్చి వేర్లను, అన్నీ లేత మొనలున్న ముక్కలుగా, వేయాలి. షేకరును నిమిషానికి 80 నుంచి 100 చుట్ల వేగంతో, గదిని 25 డిగ్రీల వద్ద చీకటిగా ఉంచాలి. అయిదు రోజులకొకసారి మూడేసి ఫ్లాస్కులు దింపి, వేర్లను కడిగి, తడి అద్ది పచ్చి బరువు, 45 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారని దాకా ఆరబెట్టి పొడి బరువు తూచి, నలభై రోజుల దాకా గీత గీసుకోవాలి. గీత పైకి ఎగబాకడం తగ్గి వంగడం మొదలయ్యే రోజును గుర్తుపెట్టుకోండి. ఎలిసిటర్ వేసే రోజును నిర్ణయించేది అదే.

యానకంలో మార్చి చూడదగినవి ముఖ్యంగా రెండు. ఎమ్మెస్‌లో నైట్రేటు సుమారు 40, అమ్మోనియం సుమారు 20 మిల్లీమోలార్ ఉంటాయి. అమ్మోనియం తగ్గించి నైట్రేటు నిష్పత్తి పెంచితే చాలా మొక్కల వేర్లు మందు పదార్థాలవైపు మొగ్గుతాయి. చక్కెరను 30 నుంచి 40 గ్రాములకు పెంచి చూడడం రెండోది. ఒకేసారి రెండూ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఎండాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కడపలో మే నెలలో పగలు 42 డిగ్రీలు దాటడం మామూలే. ఒక ఏడాది మే నెలలో శనివారం రాత్రి కరెంటు పోయి, జనరేటరు పనిచేయక, షేకరూ ఏసీ రెండూ దాదాపు తొమ్మిది గంటలు ఆగిపోయాయి. ఆదివారం ఉదయం నేను తలుపు తీసేసరికి గది ఉడుకుతోంది, ద్రావణం మాత్రం తేటగానే ఉంది. పైకి వేర్లు తెల్లగా బాగున్నట్టే కనిపించాయి. ఫ్లాస్కును ఎత్తి అడుగు నుంచి చూస్తే ముద్ద నడిమధ్యన అర్ధ రూపాయి బిళ్లంత మేర టీ డికాషన్ రంగు తిరిగి ఉంది. వేర్ల ముద్ద మధ్యకు ఆక్సిజన్ అందేది ద్రవం కదులుతున్నప్పుడే. షేకరు ఆగితే లోపలి వేర్లు ముందు చస్తాయి, వాటి నుంచి కారే ఫినాల్ పదార్థాలు చుట్టుపక్కలవాటిని చంపుతాయి. నాలుగు నెలల పోలిక ప్రయోగం ఆ రాత్రితో పోయింది. అప్పటి నుంచి షేకరుకు విడి ఇన్వర్టరు పెట్టాము, లైన్లను మే నెలలో ద్రవంలో ఉంచకుండా అగర్ మీదికి మార్చుకుంటున్నాము. కరెంటు పోయి ఏ సాధనమూ లేనప్పుడు ఫ్లాస్కులను షేకరు నుంచి దింపి పక్కకు వాల్చి పరిస్తే ద్రవం పలుచగా పరుచుకొని వేర్లకు కొంత గాలి తగులుతుంది. దూది మూత తడవకుండా చూసుకోవాలి.

ఎలిసిటర్ వేయడం

పురుగు కొరికినప్పుడో, బూజు పట్టినప్పుడో మొక్క తనలో జాస్మోనేటు, సాలిసిలేటు వంటి సంకేత పదార్థాలు పుట్టించుకుంటుంది. వాటికి స్పందించి రక్షణ పదార్థాలు తయారుచేసే జన్యువులు పనిలోకి దిగుతాయి. మనం మందు అని పిలిచే విథనోలైడ్లు మొక్కకు అలాంటి రక్షణ పదార్థాలే. ఆ సంకేతాన్ని బయటి నుంచి కొలతగా ఇవ్వడమే ఎలిసిటేషన్. మిథైల్ జాస్మోనేటు, సాలిసిలిక్ ఆమ్లం, కైటోసాన్, ఈస్టు సారం ఎక్కువగా వాడేవి. మొదటి రెండింటితో మొదలుపెట్టడం మేలు, వాటి కొలత కచ్చితంగా ఉంటుంది. ఈస్టు సారం ఒక్కో సీసాకు ఒక్కో రకంగా పనిచేస్తుంది.

మిథైల్ జాస్మోనేటు 112 మిల్లీగ్రాములను పది మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగిస్తే 50 మిల్లీమోలార్ నిల్వ ద్రావణం అవుతుంది. దాన్ని ఫిల్టరు చేసి, 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 0.1 మిల్లీలీటరు వేస్తే 100 మైక్రోమోలార్ అవుతుంది. సాలిసిలిక్ ఆమ్లానికి 138 మిల్లీగ్రాములను పది మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగిస్తే 100 మిల్లీమోలార్ వస్తుంది, అందులో 0.05 మిల్లీలీటరు వేస్తే అదే 100 మైక్రోమోలార్. పోలిక ఫ్లాస్కుల్లో కూడా అంతే ఇథనాల్ వేయాలి. వేయకపోతే వచ్చిన తేడా జాస్మోనేటుదో ఇథనాల్‌దో చెప్పలేము. మొదటిసారి 50, 100, 200 మైక్రోమోలార్ మూడు మోతాదులు, ఒక్కొక్కటి రెండు, నాలుగు, ఏడు రోజుల గడువుతో పెట్టుకుంటే మీ లైను తీరు తెలుస్తుంది. మోతాదు మించితే మొనలు నల్లబడి ఎదుగుదల ఆగిపోతుంది.

ఎప్పుడు వేయాలన్నది ఎంత వేయాలన్నదానికంటే ముఖ్యం. ఇది ఊహించిన అంకెలతో చూస్తే తేటపడుతుంది. ఎలిసిటర్ లేకుండా 28 రోజులు పెంచిన ఫ్లాస్కులో లీటరుకు 10 గ్రాముల పొడి వేరు, గ్రాముకు 2 మిల్లీగ్రాముల విథనోలైడ్‌ ఉన్నాయనుకుందాం. లీటరుకు 20 మిల్లీగ్రాములు. పదో రోజునే జాస్మోనేటు వేస్తే వేరు ఎదుగుదల ఆగి, 28వ రోజుకు లీటరుకు 3 గ్రాములే మిగిలి, గ్రాముకు 6 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. గ్రాము లెక్కలో మూడు రెట్లు పెరిగినట్టు, కానీ లీటరుకు 18 మిల్లీగ్రాములే, అంటే నష్టమే. అదే ఎలిసిటరును 21వ రోజున, వేరు గీత వంగబోయే ముందు వేస్తే 28వ రోజుకు 8 గ్రాములు, గ్రాముకు 4 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. లీటరుకు 32 మిల్లీగ్రాములు, రోజుకు చూస్తే లీటరుకు సుమారు 1.14 మిల్లీగ్రాములు. గ్రాము లెక్కలో రెండో ఫ్లాస్కు గెలిచినా, మనకు కావలసింది మూడోది. ముందు వేరును పెరగనిచ్చి, పెరిగినాక మందువైపు మళ్లించడమే ఈ పద్ధతి సారం. గింజ పాలు పోసుకునే వేళకు తగిన నీరు పెట్టే రైతుకు ఇది కొత్త సంగతి కాదు.

విథనోలైడ్లు తయారయ్యే దారిలో ముందుండే స్క్వాలీన్ వంటి పదార్థాలను ఎలిసిటరుతో పాటు స్వల్పంగా ఇవ్వడం మరో మార్గం. అవి నీటిలో కరగవు, ఖరీదైనవి కూడా. పైన చెప్పిన సమయం కుదిరాకే వాటి జోలికి వెళ్లండి.

కొలవడం

ఆరిన వేర్లను పొడిచేసి, మిథనాల్‌తో సోనికేటరులో (ధ్వని తరంగాలతో కుదిపే యంత్రంలో) రెండు, మూడు సార్లు తీసి, కలిపి, ఫిల్టరు చేసి, సీ18 కాలమ్‌ మీద హెచ్‌పీఎల్‌సీలో 227 నానోమీటర్ల దగ్గర చూడాలి (హెచ్‌పీఎల్‌సీ అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం, సీ18 కాలమ్ అందులో విడదీసే గొట్టం). ప్రామాణిక విథనోలైడ్‌-ఎ తప్పనిసరిగా కొనాలి. దాని అయిదు గాఢతలతో గీసిన సరళరేఖ లేకుండా చెప్పే అంకెకు విలువ లేదు. విథాఫెరిన్‌-ఎ, విథనోలైడ్‌-ఎ శిఖరాలను ఒకదానికొకటి పొరబడే అవకాశం ఉంది, రెంటి ప్రామాణికాలనూ ఒకసారి వేసి సమయం గుర్తించుకోవాలి. ద్రావణంలోకి కారిన పదార్థాన్ని కూడా కొలవండి, అది పారబోసే నీటిలో పోతుంటుంది. హెచ్‌పీఎల్‌సీ లేనివారు అనంతపురం, కడప, కర్నూలు విశ్వవిద్యాలయాల్లో రుసుము చెల్లించి చేయించుకునే వీలుందేమో ముందే విచారించి, నమూనాలను ఒకేసారి పంపితే ఖర్చు తగ్గుతుంది.

పెద్ద పాత్రలకు

ఫ్లాస్కులో కుదిరినది అయిదు లీటర్ల పాత్రలో కుదరకపోవడానికి కారణం సాధారణంగా గాలే. వెంట్రుక వేర్లు ఒకదానిలో ఒకటి చిక్కుకొని గడ్డివామిలా ముద్ద కడతాయి, నీరు ఆ ముద్దను తప్పించుకొని పక్కల నుంచి పోతుంది. తిరిగే రెక్కలు పెడితే వేర్లు తెగి గడ్డకడతాయి. అడుగు నుంచి సన్నని బుడగలు వచ్చే గాజు పాత్ర, లోపల వేర్లు పట్టుకొని నిలవడానికి స్టీలు జల్లెడ, గాలి దారిలో 0.22 మైక్రాన్ ఫిల్టరు ఉంటే చాలు. వేర్లను ఒకేచోట కుమ్మరించకుండా జల్లెడ అంతటా పలుచగా పరచాలి. 250 మిల్లీలీటర్ల నుంచి నేరుగా అయిదు లీటర్లకు పోకుండా మధ్యలో ఒక లీటరు దశ పెట్టుకోండి. పెద్ద పాత్రలో ఎదుగుదల గీత మళ్లీ గీయాలి, వంగే రోజు మారుతుంది, ఎలిసిటర్ రోజు కూడా దానితో మారుతుంది.

లైన్లను నిలుపుకోవడం

మంచి లైనును కనీసం రెండు గదుల్లో, హార్మోను లేని అగర్ పళ్లాల్లో ఉంచి, మూడు, నాలుగు వారాలకొకసారి లేత మొనలు మాత్రమే కొత్త పళ్లెంలోకి మార్చాలి. 15 నుంచి 18 డిగ్రీల ఇంక్యుబేటరు ఉంటే మార్పిళ్ల మధ్య గడువు పెంచుకోవచ్చు. వానాకాలంలో గాలిలో తేమ పెరిగి బూజు ఎక్కువవుతుంది. ఆ నెలల్లో పళ్లాలకు పారాఫిల్మ్‌ రెండు వరుసలు చుట్టి, బూజు పట్టినదాన్ని మూత తీయకుండా సంచిలో కట్టి ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి. బాక్టీరియా తగిలిన సూదులకూ, జన్యుమార్పిడి వేర్లకూ ఇదే నియమం, అవి ప్రాణంతో బయటికి పోకూడదు. పళ్లెం మూత మీద కాకుండా అడుగున లైను సంఖ్య, తేదీ రాయాలి, మూతలు మారిపోతుంటాయి. లామినార్ ఫ్లో దగ్గర ఆల్కహాల్ తగిలితే పెన్ను రాత కొట్టుకుపోతుంది కనుక, ఏ లైను ఏ గదిలో ఏ తేదీన మార్చారో తెలిపే కాగితాన్ని పెన్సిలుతో రాసి ఇంక్యుబేటరు తలుపు లోపలి వైపు అంటించి ఉంచండి.